తోనో: కనుమ దారుల్లో పుట్టిన కథలు – ‘తోనో మొనొగతారి’లో స్థలం, చరిత్ర

వ్యాససంగ్రహం

జపాన్ జానపద విజ్ఞానానికి ఆదిగ్రంథంగా పేరుపొందిన ‘తోనో మొనొగతారి’ (1910)ని, లోకానికి దూరంగా కొండల నడుమ మిగిలిపోయిన ప్రాచీన గ్రామీణ మానసానికి సాక్ష్యంగా చదవడం పరిపాటి. ఆ గ్రంథానికి ఆధారమైన తోనో పట్టణపు భౌగోళిక స్థితిని, చరిత్రను దగ్గర పెట్టుకొని చదివినప్పుడు ఈ అభిప్రాయం నిలవదు. తోనో తీరానికీ లోతట్టు మైదానానికీ మధ్య ఉన్న సంతపట్టణం. అక్కడి కథల్లో అనేకం సరుకుతోపాటు కనుమలు దాటి వచ్చినవి. ఒంటరితనం కథలకు కారణం కాదనీ, రాకపోకలే కారణమనీ ఈ వ్యాసం నిరూపించడానికి ప్రయత్నిస్తుంది. కథ చెప్పిన ససాకి కిజెన్‌కు విమర్శలో దక్కవలసిన స్థానాన్ని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: తోనో, యనగిత కునియో, ససాకి కిజెన్, జానపద కథనం, స్థలచరిత్ర, కనుమ దారులు, సునామీ.

1. ఉపోద్ఘాతం

1908 నవంబరులో టోక్యోలో ఇద్దరు వ్యక్తులు కలుసుకున్నారు. ఒకరు మంత్రివర్గ శాసన విభాగంలో ఉన్నతాధికారిగా పనిచేస్తున్న యనగిత కునియో. రెండోవారు ఈశాన్య జపాన్‌లోని ఇవాతే ప్రాంతం నుంచి సాహిత్యాభిలాషతో రాజధానికి వచ్చిన 22 ఏళ్ల ససాకి కిజెన్. వారిని కలిపినవాడు మిజునో యోషు అనే రచయిత. కిజెన్ తన ఊరి ముచ్చట్లు చెప్పగా యనగిత రాసుకున్నాడు. 1909 ఆగస్టులో స్వయంగా తోనో వెళ్లి చూసివచ్చాడు. 1910లో 119 అంశాలతో, 350 ప్రతులతో, సొంత ఖర్చుతో ‘తోనో మొనొగతారి’ని వెలువరించాడు. తెలుగులో ‘తోనో కథలు’ అనవచ్చు.

పుస్తకం వెలువడినప్పుడు చదివినవారు కొద్దిమందే. తరువాతి కాలంలో మాత్రం అది జపాన్ ఆత్మను వెతుక్కునేవారందరికీ గమ్యస్థానమైంది. 1968లో యోషిమోతో తకాకి ‘క్యోదో గెన్సోరోన్’ అనే సిద్ధాంతగ్రంథంలో సామూహిక భ్రమల స్వరూపాన్ని వివరించడానికి ‘కొజికి’ పురాణంతోపాటు ఈ చిన్న పుస్తకాన్నే ప్రధానాధారంగా తీసుకున్నాడు. ఆ వివేచనలో తోనో ఒక ఊరుగా కాక ఒక మానసిక స్థితిగా మారిపోయింది. పర్యాటకశాఖలు ‘జానపద కథల పుట్టిల్లు’ అని పిలవడం వేరే దారిలో వచ్చిన ఇదే ఫలితం. రెండింటిలోనూ పోయినది ఊరే. ఏ కొండ ఎటువైపు ఉంది, ఏ దారి ఎక్కడికి పోతుంది, ఎవరు ఏ సరుకు మోశారు, ఏ సంవత్సరం పంట పోయింది అనే ప్రశ్నలు అడగకుండా ఈ కథలను చదివితే వాటిలో సగం అర్థంకావు.

2. కొండలు, సరస్సు, సంత

తోనో పళ్లెం వంటి లోయ. ఉత్తరాన 1,917 మీటర్ల హయాచినె, తూర్పున 1,294 మీటర్ల రొక్కోషి, పడమటి దిక్కున వాటికంటె చిన్నదైన ఇషిగామి. ఈ మూడు శిఖరాల నడుమ నుంచి సరుగాయిషి నది పడమరగా పారి హనమకి వద్ద కితకామి నదిలో కలుస్తుంది. తూర్పు కొండలు దాటితే పసిఫిక్ తీరం: కమాయిషి, ఓత్సుచి, యమద.

పుస్తకంలోని మొదటి అంశం కథ కానే కాదు. తోనో ప్రాంతంలోని ఊళ్లు, పాలనా విభాగాలు, అక్కడికి చేరే మార్గం, పూర్వం లోయంతా సరస్సుగా ఉండి నీరు సరుగాయిషిగా బయటికి పోయిందన్న నానుడి, చుట్టూ ఉన్న లోయలు వచ్చి కలిసే తీరు అందులో ఉన్నాయి. తెలుగు పరిశోధకులకు ఇది చదవగానే కైఫీయతు గుర్తుకు వస్తుంది. ఊరి పేరుకు వ్యుత్పత్తిగా యనగిత ఐను భాషలో సరస్సును తెలిపే ‘తో’ అనే మాటను సూచించాడు. కథల పుస్తకం భూవివరణతో మొదలుకావడాన్ని విమర్శకులు సాధారణంగా పీఠికావిధిగా భావించి దాటిపోతారు. రైతుల సమస్యలను అధికారిగా అధ్యయనం చేసినవాడు ఊరి పరిచయాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అలా చేశాడనుకోలేం.

ఆ వివరణలోనే ఒక ముఖ్యమైన ఆశ్చర్యం ఉంది. కొండల లోపల ఇంత సందడిగల పట్టణం ఉండటం అరుదన్నది దాని సారాంశం. నలుదిక్కుల లోయల నుంచీ సరుకు ఇక్కడికి దిగేది. సంతరోజున మనుషులనూ గుర్రాలనూ వేలలో లెక్కించేవారట. తీరం నుంచి ఉప్పు, చేప. లోతట్టు నుంచి ధాన్యం. ఈ రెండు లోకాలకూ నడిమి మజిలీ తోనో. కనుక దాన్ని ‘మూలన పడ్డ ఊరు’ అనడానికి భూగోళం ఒప్పుకోదు.

రెండో అంశంలో కొండలకు దేవతలు వస్తారు. ముగ్గురు కూతుళ్లతో ఒక దేవత ఈ చోటికి వచ్చి, రాత్రి మంచి కల ఎవరికి వస్తే వారికి మంచి కొండ ఇస్తానంటుంది. ఆకాశం నుంచి దిగిన దివ్యపుష్పం పెద్దకూతురి రొమ్ముమీద నిలవగా, మెలకువ వచ్చిన చిన్నది దాన్ని తీసి తన రొమ్ముమీద పెట్టుకొని హయాచినెను గెలుచుకుంటుంది. అతి ఎత్తైన కొండ దొంగతనంతో వచ్చినదని చెప్పడానికి ఊరివారు ఏమాత్రం సంకోచించలేదు. ఆస్తిపంపకాలు, దాయాదుల లెక్కలు తెలిసిన రైతు సమాజపు హాస్యం ఇది. దీన్ని కేవలం ప్రాచీన పర్వతారాధనగా వ్యాఖ్యానించడం కథలోని చిరునవ్వును చెరిపివేయడమే.

3. కనుమల మీద వార్తలు

గ్రంథంలో ఎక్కువ భయం ఉన్న చోట్లు ఊళ్లు కావు, కనుమలు. ఐదో అంశం ఈ విషయంలో గమనించదగ్గది. తోనో నుంచి తీరగ్రామాలకు పూర్వం ఫుయెఫుకి కనుమ మీదుగా వెళ్లేవారు. అక్కడ కొండమనుషులు, కొండస్త్రీలు ఎదురుపడుతున్నారన్న భయంతో రాకపోకలు క్రమంగా తగ్గాయి. చివరకు సకయిగి కనుమ మీదుగా వేరే దారి ఏర్పడింది. మధ్యలో గుర్రాలు మార్చుకునే మజిలీ కూడా వచ్చింది. కొత్త దారి చుట్టు, అయినా జనం దాన్నే పట్టారు. ఇది దయ్యం కథా, రహదారి చరిత్రా? రెండూను. వర్తకులు అదనపు దూరాన్ని, అంటే అదనపు ఖర్చును, భరించడానికి సిద్ధపడ్డారంటే ఆ భయానికి ఆర్థిక విలువ ఉందన్నమాట. దారి మారడానికి అసలు కారణం మరొకటి అయి, కథ తరువాత అల్లుకొని ఉండవచ్చు. ఎలా చూసినా, సరుకు నడవని చోట ఈ కథకు చోటు లేదు.

తొమ్మిదో అంశంలో ఇదే కనుమ మళ్లీ వస్తుంది. గుర్రాలపై సరుకు తోలే బృందంలో వేణువు బాగా వాయించేవాడొకడు. వెన్నెల రాత్రి నడుస్తూ వాయిస్తుంటే లోయ అడుగునుంచి ఎవరో మెచ్చుకోలుగా కేకవేస్తారు. అందరూ పాలిపోయి పరుగెత్తుతారు. కథ అంతే. దీనికి ముగింపు లేదు, వివరణ లేదు. తోలరుల మాటల్లో పుట్టిన ముచ్చటకు ఉండే ఆకృతి ఇది: జరిగింది, విన్నాం, పారిపోయాం. 37వ అంశంలో తోడేళ్ల గుంపులు వెంటబడటం, పదిమందికి తక్కువ కాకుండా కలిసి నడవడం, రాత్రి చుట్టూ మంటలు వేసుకోవడం ఆ వృత్తిలోని జాగ్రత్తలను కూడా నమోదు చేస్తాయి.

వీటన్నిటికీ మకుటాయమానమైనది 49వ అంశం. కమాయిషి వైపు పోయే సెన్నిన్ కనుమ నడుమ ఒక చిన్న మందిరం. ఆ కొండల్లో తమకు ఎదురైన వింతలను బాటసారులు ఆ మందిరపు గోడమీద రాసిపోవడం పూర్వంనుంచి వస్తున్న ఆచారమట. ఎక్కడివాడో ఒకడు ఫలానా నెల ఫలానా రాత్రి ఒక స్త్రీని చూశానని రాస్తాడు, మరొకడు కోతి చేసిన అల్లరిని రాస్తాడు. అంటే ‘మౌఖిక సంప్రదాయం’గా పేరుపడ్డ ఈ కథాలోకం మధ్యలో ఒక లిఖిత ఫలకం ఉంది. అపరిచితులు అపరిచితుల కోసం రాశారు. తరువాత వచ్చినవారు చదివి, జతచేసి, కిందికి మోసుకుపోయారు. నిరక్షర, నిశ్చల గ్రామం అనే భావనకు ఈ ఒక్క గోడ చాలినంత సమాధానం. విమర్శలో దీనికి రావలసినంత ప్రాధాన్యం రాలేదనే చెప్పాలి.

4. తెచ్చి నిలిపిన పట్టణం

తోనో పట్టణజనం అనాదిగా అక్కడే పాతుకుపోయినవారు అనుకోవడానికి చరిత్ర కూడా అడ్డుపడుతుంది. మధ్యయుగాల్లో ఈ ప్రాంతాన్ని అసోనుమ వంశం ఏలింది. 1627లో మొరియొక ప్రభువు తన బంధుశాఖ అయిన హచినోహె నంబు వంశాన్ని ఉత్తరాన ఉన్న వారి కోట నుంచి ఎత్తి ఇక్కడికి మార్చాడు. దక్షిణాన సెందాయిని ఏలే బలమైన దాతె వంశపు పొలిమేర ఇది. కాపలాకు నమ్మకమైనవారు కావలసివచ్చింది. కొత్తగా వచ్చిన వంశానికి కొంతకాలం స్వయంగా పెద్దగా వ్యవహరించినది సెయిషిన్ని అనే స్త్రీ. ప్రభువుతోపాటు పరివారం, వారితోపాటు ఆచారాలు తరలివచ్చాయి. నబెకుర కొండ కింద కోటపట్టణం పెరిగింది. అంటే సంతకు తోడు సరిహద్దు కోట కూడా.

‘బయట’ అనేది తోనోకు ఎప్పుడూ దగ్గరిదే. 84వ అంశంలో కిజెన్ తాతగారి యౌవనకాలం నాటి ముచ్చట ఉంది. తీరంలో పాశ్చాత్యులు కాపురమున్నారని, క్రైస్తవం రహస్యంగా సాగిందని అందులో చెప్పబడింది. దాని చారిత్రక సత్యం మాటెలా ఉన్నా, నీటిదయ్యం కప్పతో పాటు పరదేశి కూడా ఈ ఊరి ఊహలో భాగమేనన్నది స్పష్టం. 1857లో ఓషిమ తకతో కమాయిషి సమీపంలోని ఓహషిలో పాశ్చాత్య పద్ధతిలో ఇనుమును కరిగించినది ఈ కొండల అవతలి వాలులోనే. తోనోలో పుట్టిన ఇనో కనోరి 1895లో తైవాన్ వెళ్లి అక్కడి ఆదిమజాతులను అధ్యయనం చేసి, తిరిగివచ్చి సొంతూరి చరిత్రలో నిమగ్నుడయ్యాడు. 1909 యాత్రలో యనగిత ఆయనను కలిశాడు. సామ్రాజ్యపు కొత్త వలసను శాస్త్రీయంగా వర్గీకరించిన పండితుడు తిరుగాడిన వీధినే మనం ‘కాలాతీత గ్రామం’ అంటున్నాం! యనగిత తన పుస్తకాన్ని విదేశాల్లో ఉన్నవారికి అంకితం చేయడాన్ని కూడా ఈ నేపథ్యంలోనే చదవాలి.

5. కరువు, గుర్రం, వార్ధక్యం

పసిఫిక్ మీదనుంచి వేసవిలో వీచే చల్లని గాలిని ఈశాన్య జపాన్‌లో ‘యమసె’ అంటారు. అది నిలిచిన ఏడు వరి పాలుపోసుకోదు. 18, 19 శతాబ్దాల్లో ఈ ప్రాంతాన్ని కరువులు పదేపదే కొట్టాయి. 18వ శతాబ్దంలో గిజాన్ అనే బౌద్ధభిక్షువు, కరువులో చనిపోయినవారి శాంతికోసం పట్టణం పక్క కొండలో చెదిరిపడిన బండరాళ్ల మీద ఐదువందల అర్హతుల రూపాలను గీయించాడని చెబుతారు. నాచు పట్టిన ఆ గీతలు నేడు కష్టం మీద కనిపిస్తాయి.

ఈ నేపథ్యం లేకుండా 111వ అంశం చదివితే అది కేవలం క్రూరాచారంగా తోస్తుంది. అరవై దాటినవారిని ఊరి అవతల దెందెరనో అనే మిట్టకు పంపేవారు. అయితే తోనో కథనంలో వారు ఊరికే చావుకోసం ఎదురుచూడరు. పగలు దిగివచ్చి పొలంపని చేసి, కూలిగా తిండి సంపాదించుకొని, సాయంత్రం తిరిగి మిట్టెక్కుతారు. 1956లో ఫుకజవ షిచిరో రాసిన ‘నరయమ బుషికో’లో కొడుకు తల్లిని వీపున మోసుకొని దూరపు కొండమీద వదిలి వస్తాడు. అక్కడ దూరమే కథ. తోనోలో ఆ మిట్ట ఊరికి కనుచూపు మేరలో ఉంది. కుటుంబం వదిలించుకున్నది నోటిని మాత్రమే, చేతులను కాదు. ఈ భౌగోళిక సామీప్యమే కథను భరించరానిదిగా చేస్తుంది.

గుర్రం విషయమూ ఇంతే. నంబు ప్రాంతం గుర్రాలకు ప్రసిద్ధి. ఇక్కడి ‘మగరియ’ ఇంట్లో మనుషులుండే భాగానికి గుర్రాలశాల మూలమట్టంగా కలిసి ఉంటుంది. ఒకే కప్పు, ఒకే పొయ్యి వెచ్చదనం. 69వ అంశంలో రైతుకూతురు ఇంటి గుర్రాన్ని ప్రేమించి పెళ్లాడుతుంది. తండ్రి దాన్ని మల్బరీ చెట్టుకు ఉరితీస్తాడు. ఆమె గుర్రం తలను పట్టుకొని విలపిస్తుంటే తండ్రి గొడ్డలితో ఆ తలను నరుకుతాడు, ఆమె దానితోపాటు ఆకాశానికి ఎగిరిపోతుంది. ఓషిర దేవతకు ఇది మూలకథ. మల్బరీ కొయ్యతో చేసిన జంటబొమ్మలకు గుడ్డలు తొడిగి పూజిస్తారు. ఇతర దేశాల్లోనూ జంతువివాహ కథలున్నాయి, చైనాలో దీనికి దగ్గరి కథ ఉంది. కాని తోనో శ్రోతకు ఆ గుర్రం గోడ అవతల ఊపిరి తీసే ప్రాణి. కథానిర్మాణ సూచికల్లో ఒక సంఖ్యగా మారినప్పుడు పోయేది ఈ ఊపిరే.

6. సముద్రం వైపు చూసే కథ

1896 జూన్ 15న సన్రికు తీరాన్ని సునామీ ముంచింది. మృతుల సంఖ్య సుమారు 22,000. 99వ అంశం ఆ విపత్తు తరువాతది. తోనో లోయ నుంచి తీరంలోని తనోహమకు ఇల్లరికం వెళ్లిన ఒకడు భార్యనూ, ఒక బిడ్డనూ పోగొట్టుకొని, మిగిలిన ఇద్దరు పిల్లలతో పాత ఇంటిస్థలంలో గుడిసె వేసుకొని ఉంటాడు. ఏడాది తరువాత పొగమంచు కమ్మిన వెన్నెల రాత్రి, ఒడ్డున ఇద్దరు నడిచివస్తుంటారు. ఒకరు చనిపోయిన భార్య. రెండోవాడు అదే ఊరివాడు, సునామీలో పోయినవాడే. పెళ్లికి ముందు ఆమె మనసుపడినవాడు. ఇప్పుడు ఇతనితో ఉన్నానంటుంది ఆమె. పిల్లలమీద ప్రేమ లేదా అని అడిగితే ముఖం మారి ఏడుస్తుంది. వారు కనుమరుగవుతారు. అతడు చాలాకాలం జబ్బుపడతాడు.

ఈ కథకు ఇల్లరికం అనే సామాజిక వాస్తవం కీలకం. ఆ ఇంట్లో, ఆ ఊళ్లో అతడు బయటివాడు. భార్య గతం ఊరికి తెలుసు, బహుశా అతడికీ తెలుసు. మృత్యువు ఆమెను తిరిగి ఊరికి, ఊరి మగవాడికి అప్పగించింది. అతడిని మరోసారి బయట నిలబెట్టింది. కనుమ దాటి వచ్చినవాడి శోకమిది. ఇందులో దయ్యం భయపెట్టదు. అసూయకూ దుఃఖానికీ మధ్య తేడా తెలియని స్థితే బాధిస్తుంది. నాలుగైదు పంక్తుల వాస్తవ వివరాలతో మొదలై ఇక్కడికి చేరిన ఈ అంశం మొత్తం గ్రంథానికి శిఖరం.

7. చెప్పినవాడు, రాసినవాడు

కిజెన్ మంచి కథకుడు కాకపోయినా నిజాయితీపరుడని యనగిత పీఠికలో పేర్కొన్నాడు. తాను విన్నదానికి ఒక్క మాటా చేర్చలేదు, తీసివేయలేదు అని కూడా అన్నాడు. ఈ రెండో మాటను యథాతథంగా అంగీకరించడం కష్టం. కిజెన్ మాట్లాడినది తోనో యాస. పుస్తకంలో ఉన్నది పొదుపైన గ్రాంథిక జపనీస్. మాట మారనప్పుడు కూడా భాష మొత్తం మారిపోయింది. అప్పటికి కొండజాతుల మీద ఆసక్తి పెంచుకొని, 1908లో క్యూషు దీవిలోని షీబ గ్రామపు వేట పద్ధతులను పరిశీలించి వచ్చిన యనగిత, సంతపట్టణపు ముచ్చట్లలోంచి కొండలనే పైకి తెచ్చాడు. మైదానవాసులు వణకాలన్న ఆయన కోరిక ప్రసిద్ధమే. వణికించాలంటే తోనో దూరంగా ఉండాలి. ఆ దూరం భూగోళం ఇచ్చినది కాదు, శైలి ఇచ్చినది.

ఆ శైలి గొప్పదనాన్ని కాదనలేం. 22వ అంశంలో చనిపోయిన ముసలామె రాత్రి ఇంట్లోకి నడిచివస్తుంది. ఆమె దుస్తుల అంచు తగిలి గుండ్రని బొగ్గులపాత్ర గిర్రున తిరుగుతుంది. మిషిమా యుకియో నవలా స్వరూపాన్ని చర్చిస్తూ ఈ చిన్న కదలికను ఎంతో మెచ్చుకున్నాడు. పాత్ర తిరగడంతో దయ్యం వాస్తవలోకంలోకి వచ్చేసింది. అయితే ఆ వివరం ఎవరిది? ఇంట్లో కూర్చున్నవారి కళ్లు చూసినది, కిజెన్ గుర్తుంచుకున్నది. యనగిత ప్రతిభ దాన్ని కదపకుండా ఉంచడంలో ఉంది. కీర్తిని ఇద్దరికీ పంచవలసిన చోటు ఇదే.

పంపకం అలా జరగలేదు. కిజెన్ రచయిత కావాలనుకున్నాడు, సమాచారదాతగా మిగిలాడు. ఊరికి తిరిగివచ్చి స్వయంగా కథలు సేకరించాడు. ఇంటి సిరిని కాపాడే పిల్లదేవత జషికి వరషి గురించి 1920లో ఒక పుస్తకం, 1931లో ‘కికిమిమి జోషి’ అనే పెద్ద సంకలనం వెలువరించాడు. ఆ దేవత వెళ్లిపోయిన ఇల్లు కూలిపోతుందని 18వ అంశం చెబుతుంది. 1925లో గ్రామపెద్ద అయిన కిజెన్ అప్పులపాలై, పదవి వదిలి, సెందాయికి వలసవెళ్లాడు. 1933 సెప్టెంబరులో, తనకు మిత్రుడైన కవి మియజవ కెంజి పోయిన కొన్ని రోజులకే, మరణించాడు. 1935లో వచ్చిన విస్తృత ముద్రణలో చేరిన 299 కొత్త అంశాలకు కూడా ప్రధానాధారం ఆయన సేకరణలే.

8. ఊరికి తిరిగివచ్చిన పుస్తకం

1954లో తోనో పట్టణమూ చుట్టుపక్కల ఏడు గ్రామాలూ కలిసి నగరపాలికగా మారాయి. 2005లో మియమొరి చేరింది. సుమారు 826 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో 2020 నాటికి జనాభా 25 వేల పైచిలుకు మాత్రమే. బీరు తయారీకి వాడే హాప్స్ పంట, వరి, పశువులు, పర్యాటకం దానికి ఆధారాలు. జోకెంజి ఆలయం వెనుక వాగులో కప్పను పట్టడానికి అనుమతిపత్రం కూడా అమ్ముతారు. దీన్ని చూసి ముఖం చిట్లించే పండితులున్నారు. 1995 నాటి గ్రంథంలో మారిలిన్ ఐవీ, తోనోను చేజారిపోతున్న గతంకోసం ఆధునిక జపాన్ పడే ఆరాటంలో భాగంగా వివరించింది. ఆ వివేచన బలమైనదే. కాని వచ్చి చూసేవారి ఆరాటంతోపాటు ఊరివారి పనితనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నేటి కథకురాళ్లు యనగిత గ్రాంథికాన్ని పక్కనపెట్టి, కథలను తమ యాసలో చెబుతారు. ‘దొందొహరె’ అని ముగిస్తారు. మనం కథ కంచికి అన్నట్లు. కిజెన్ నోట పోయిన యాస, సందర్శకుల పుణ్యమా అని, కథలోకి తిరిగివచ్చింది.

1950లో రైలుమార్గం హనమకి నుంచి కమాయిషి దాకా పూర్తికావడంతో సెన్నిన్ కనుమను కాలినడకన దాటే అవసరం పోయింది. దారి ప్రాధాన్యం మాత్రం పోలేదు. 2011 మార్చి 11న భూకంపంలో తోనో నగరపాలక భవనమే దెబ్బతిన్నది. అయినా సముద్రం అందుకోలేని దూరంలో, తీరపట్టణాలకు కొద్ది గంటలలోపు చేరగల స్థానంలో ఉన్నందువల్ల, సైనికులు, అగ్నిమాపక దళాలు, స్వచ్ఛంద సేవకులు ఇక్కడే విడిది చేసి కమాయిషికి, ఓత్సుచికి, యమదకు వెళ్లివచ్చారు. తోనో ఇళ్లలో వండిన అన్నపుముద్దలు అవే కొండలు దాటి తీరానికి చేరాయి. ఆ రోజు మునిగిన ఊళ్లలో, 99వ అంశంలోని మనిషి ఇల్లరికం వెళ్లిన తనోహమ కూడా ఉంది.